మినీల్యాబ్ ఈక్వినాక్స్ 800: సెకండ్‌ హ్యాండ్‌లో కొని మూడేళ్ళు వాడాక నా లెక్క

కొన్ని నెలల కింద ఒకాయన నా మెటల్ డిటెక్టర్‌కి 350 డాలర్లు ఇస్తానన్నాడు. 2023 మార్చిలో నేను దాన్ని 475కి కొన్నాను. అంటే మూడేళ్ళకి కాస్త తక్కువగా వాడుకుని, ఇప్పుడు ఇచ్చేస్తే నాకు పడే ఖర్చు 125 డాలర్లు. నెలకి నాలుగు డాలర్లు కూడా కాదు. ఈ రివ్యూ రాయాలనిపించింది ఆ లెక్క చూసుకున్నాకే. "ధరలు మండిపోతున్నాయి, ఇప్పుడు కొనొచ్చా?" అని ఇక్కడి తెలుగువాళ్ళు చాలామంది అడుగుతున్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే మాట. షాపులో రాసిన ధర చూసి భయపడకండి, దాన్ని చూసి మోజూ పడకండి. మళ్ళీ అమ్మితే ఎంతొస్తుందో ముందు కనుక్కోండి. కొన్న ధరలోంచి అది తీసేస్తే మిగిలేదే మీ ఖర్చు.

నేనుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. పుట్టింది పిఠాపురం, అమ్మమ్మగారిది ఉప్పాడ. ఉప్పాడ గురించి తెలిసినవాళ్ళకి, నేలలో లోహాలు వెతికే ఈ పిచ్చి నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. తుపాను వెలిసిన మర్నాడు పిల్లా పెద్దా ఒడ్డుకెళ్ళి, తడి ఇసకని దువ్వెనలతో, పుల్లలతో గీరుతూ బంగారం రేణువులు వెతుక్కుంటారు. 2020 నవంబర్లో నివర్ తుపాను తర్వాత టీవీలన్నీ చూపించాయి. సముద్రం మింగేసిన ఇళ్ళలోంచీ, గుళ్ళలోంచీ వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. అక్కడ ఎవరి చేతిలోనూ మెషిన్ ఉండదు, కళ్ళూ వేళ్ళూ తప్ప.

నా మొదటి మెషిన్ గారెట్ ఏస్ 300. 2019 అక్టోబర్లో కొత్తదే కొన్నాను, పన్నుతో కలిపి దగ్గర దగ్గర 250. గారెట్ కంపెనీ ఉన్నది గార్లండ్‌లో, మా ఇంటికి అరగంట కారు దూరం. 1964 నుంచీ ఉంది. మన ఊరి పక్కన తయారయ్యే వస్తువు అన్న అభిమానం కూడా నాకు కొంత ఉండింది. మామూలు పెన్సిల్ బ్యాటరీలు నాలుగు వేస్తే చాలు. నేర్చుకునేవాళ్ళకి అది మంచి మెషిన్. కంట్రోల్ బాక్స్ నీళ్ళలో మునగకూడదు, అంతే. 2022 జూన్లో దాన్ని ఒక కాలేజీ కుర్రాడికి 140కి ఇచ్చేశాను. పోయింది 110 డాలర్లు.

ఆ 110 కూడా అంత ఎందుకు పోయిందంటే, నేను కొన్న కొద్ది రోజులకే టర్కీ కంపెనీ నోక్టా వాళ్ళ సింప్లెక్స్ ప్లస్ బజారులోకి వచ్చింది. ధర 250 డాలర్ల చుట్టూనే, పైగా మూడు మీటర్ల లోతు వరకు నీళ్ళలో ముంచొచ్చు. అదే ధరకి కొత్తగా నీళ్ళలో మునిగేది దొరుకుతుంటే, మునగని పాతదానికి ఎవరు ఎక్కువ ఇస్తారు? ధరలు పెరుగుతున్నాయన్నది పై తరగతి మెషిన్ల సంగతి. కింది తరగతిలో అదే డబ్బుకి ఇప్పుడు ఎక్కువ పనితనం వస్తోంది. 2005లో వచ్చిన గారెట్ ఏస్ 250 ఏళ్ళ తరబడి 200 చిల్లరకే అమ్ముడైంది. ఆ డబ్బుకి అప్పట్లో వచ్చినదానికీ ఇప్పుడు వచ్చేదానికీ పోలికే లేదు.

పైన మాత్రం నిజంగానే మండుతోంది. మినీల్యాబ్ ఈక్వినాక్స్ 800 అమ్మకానికొచ్చిన 2018లో 899 డాలర్లు. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపే మెషిన్ అంతకి తక్కువలో రావడం అప్పట్లో పెద్ద వార్త, ఎందుకంటే అదే కంపెనీ 2012లో తెచ్చిన సీటీఎక్స్ 3030 ధర 2,499. ఇప్పుడు అదే కంపెనీ మాంటికోర్, ఫ్రాన్స్ వాళ్ళ ఎక్స్‌పీ డియస్ 2 చూడండి. పూర్తి సామగ్రితో రెండూ 1,500 దాటాయి. ఇక బంగారు గనుల వైపు తిరిగేవాళ్ళు కొనే జీపీఎక్స్ 6000 అయితే ఆరు వేల చుట్టూ. కారణాలు మీకూ తెలిసినవే. కోవిడ్‌లో జనం ఇళ్ళలో విసిగిపోయి బయటి హాబీల మీద పడ్డారు, షాపుల్లో సరుకు లేదు. ఆ రెండేళ్ళలో పాతదాన్ని కొన్న ధరకే అమ్ముకున్నవాళ్ళని నేను చూశాను. ఆ తర్వాత 2025 ఏప్రిల్లో దిగుమతుల మీద సుంకాలు. ఈక్వినాక్స్ తయారయ్యేది మలేషియాలో, నోక్టా టర్కీలో, డియస్ ఫ్రాన్స్‌లో. అన్నీ ఓడ దిగి రావాల్సినవే.

ఇంకో కారణం బంగారమూ వెండీ. వాటి ధర పెరిగేకొద్దీ వెతికేవాళ్ళూ పెరుగుతారు. 2025 అక్టోబర్లో ఔన్సు బంగారం 4,000 డాలర్లు, వెండి 50 డాలర్లు దాటాయి. మన దగ్గర పది గ్రాములు లక్ష దాటిన రోజు అమ్మ ఫోన్ చేసి "నీ మెషిన్‌తో ఇంకా వెతుకుతున్నావా?" అని అడిగింది.

ఇప్పుడు అసలు మెషిన్ సంగతి.

నాకు అమ్మినాయన రిటైరైన పెద్దాయన. అప్పుడే వచ్చిన ఈక్వినాక్స్ 900 కొనుక్కుని 800 వదిలించుకుంటున్నాడు. నాకు కలిసొచ్చింది ఇదే. కంపెనీ కొత్త మోడల్ దింపగానే, బాగా పనిచేసే పాత మోడల్ ధర నెలల్లోనే దిగిపోతుంది. మెషిన్ పనితనం రాత్రికి రాత్రి తగ్గదుగా! నిన్నటిదాకా చెట్టు వేళ్ళ మధ్య దాక్కున్న నాణేన్ని పట్టిన మెషిన్ ఇవాళా పడుతుంది. ఐదేళ్ళలో ధర సగానికి పడిపోయాక కొంటే, ఆ పడిపోయిన సగం మొదటి యజమాని భరించాడన్నమాట.

పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లో కలుద్దామన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నగదు బేరానికి నాకు అక్కడైతేనే ధైర్యం. నేనొక చిన్న గుడ్డ సంచీ తీసుకెళ్ళాను. అందులో ఒక నికెల్ (ఐదు సెంట్ల నాణెం), ఒక వెండి డైమ్ (పది సెంట్లది), తుప్పు పట్టిన మేకు, పాత రాగి సెంటు. నా వేలి ఉంగరం ఎలాగూ ఉంది. మెషిన్ ఆన్ చేయగానే గోలగోలగా అరిచింది. పెద్దాయన నవ్వి, "కింద కాంక్రీటులో ఇనప చువ్వలున్నాయమ్మా, ఆ గడ్డి మీదికి వెళ్దాం రండి" అన్నట్టు చెయ్యి చూపించాడు. గడ్డి మీద చెక్క బల్ల ఉంటే దాని మీద పెట్టి చూశాం. కింద ఏ లోహం ఉందో మెషిన్ తెర మీద అంకెతో చెబుతుంది. నికెల్‌కి 13, డైమ్‌కి 26. అంకెలు నిలకడగా ఉన్నాయి, ఊగలేదు. తర్వాత డైమ్ పక్కన బెత్తెడు దూరంలో మేకు పెట్టాను. కాయిల్ని, అంటే రాడ్ చివర నేల మీద తిప్పే గుండ్రటి పళ్ళేన్ని, మెల్లగా తిప్పితే ఇనుము గురగుర, వెంటనే వెండి సన్నని కూత, రెండూ విడివిడిగా వినిపించాయి. నేను కొనాలని తేల్చుకున్నది ఆ చప్పుడు విన్నాకే.

పాతది కొనేవాళ్ళు అక్కడికక్కడే చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కాయిల్‌ని రాడ్‌కి బిగించే చెవుల్లాంటి భాగాల మీద సన్న పగుళ్ళుంటాయేమో వేలితో తడిమి చూడండి. రాళ్ళకీ మొద్దులకీ కొట్టుకున్న మెషిన్ అక్కడ దొరికిపోతుంది. కాయిల్ వైరు మెలికలు పడిందా, కనెక్టర్‌లో ఉప్పు తెల్లగా పేరుకుందా చూడండి. 800కి బ్యాటరీ లోపలే ఉంటుంది, పూర్తిగా ఎక్కితే పన్నెండు గంటల చుట్టూ రావాలి. అరగంట వాడి గడి ఎంత దిగిందో చూస్తే బ్యాటరీ ముసలిదైందో లేదో అర్థమైపోతుంది. మార్చుకోవచ్చు, కానీ ఆ ఖర్చు బేరంలో తగ్గించమని అడగాలి. ఛార్జింగ్ కేబుల్ అయస్కాంతంతో అతుక్కునే రకం, ఇంట్లో ఉన్న ఫోన్ కేబుల్ పనికిరాదు. కాబట్టి అది ఉందో లేదో అడగండి. 800తో పాటు బ్లూటూత్ హెడ్‌ఫోన్, డబ్ల్యూఎం 08 అనే చిన్న వైర్‌లెస్ పెట్టె వస్తాయి. చాలామంది అవి విడిగా అమ్ముకుని ఒట్టి మెషిన్ "ఫుల్ కిట్" అని పెడతారు. పెద్దాయన అన్నీ ఇచ్చాడు, షాపు బిల్లుతో సహా. ఆ బిల్లు ఇప్పటికీ అదే అట్టపెట్టెలో ఉంది. నాకు 350 రావడానికి ఆ పెట్టె, ఆ బిల్లు కూడా కారణమే.

వాడకం విషయానికొస్తే, డాలస్ చుట్టూ నేల మన గుంటూరు నల్లరేగడి లాంటిదే. ఆగస్టులో చెయ్యి పట్టేంత బీటలు. వాన పడితే బూటుకి కిలో మట్టి. ఈ నేలలో గట్టిగా ఎండినప్పుడు తవ్వితే పార దిగదు, గడ్డి దిమ్మె ముక్కలైపోతుంది. ఇంటివాళ్ళు మళ్ళీ రానివ్వరు. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో వెళ్ళడం నాకు అలవాటైంది. అప్పుడు ఈక్వినాక్స్ పార్క్ మోడ్‌లో అరచెయ్యి పొడవు లోతులో ఉన్న డైమ్‌ని కూడా తడుముకోకుండా చెప్పింది. ఏస్‌తో నేను మూడుసార్లు తిరిగి, ఇంకేం లేదనుకున్న ఒక స్నేహితురాలి పెరట్లో దీనితో మొదటి గంటలోనే రెండు వెండి డైమ్‌లు, ఒక పాత తాళంచెవి తీశాను. ఇనప మేకుల మధ్య ఉన్నదాన్ని విడదీసి చెప్పడంలో దీనికి మంచి చురుకు. బరువు 1.34 కిలోలు. మూడు గంటలు తిప్పినా నా భుజం మాట్లాడలేదు.

నచ్చనిది ఒకటుంది. రాడ్ కుదించి చిన్న సంచీలో పెట్టుకోలేం, విప్పాల్సిందే. 900లో ఆ ఇబ్బంది తీసేశారు. ఆ ఒక్కదానికోసం వెయ్యి డాలర్ల దాకా పెట్టాలా అంటే, వారం వారం విమానం ఎక్కేవాళ్ళయితే పెట్టండి.

2023 ఆగస్టులో అమ్మ మా దగ్గరుంది. ఎండలకి చెరువుల్లో నీళ్ళు బాగా దిగిపోయి, ఎప్పుడూ మునిగుండే ఇసక బయటపడింది. ఇక్కడి చెరువులు చాలావాటిని అమెరికా సైన్యంలోని కార్ప్స్ ఆఫ్ ఇంజనీర్స్ అనే విభాగం చూసుకుంటుంది. ఈత తీరాల్లాంటి, వాళ్ళు ఒప్పుకున్న చోట్లలోనే డిటెక్టర్ తిప్పాలి. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో, నేషనల్ పార్కుల్లో అయితే సరదాగా కూడా మెషిన్ బయటికి తీయకండి. ముందు ఆఫీసుకి ఫోన్ చేసి, పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళాం. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మా అమ్మాయి టోపీ పెట్టుకుని హెడ్‌ఫోన్ తగిలించుకుంది. గంటసేపు 13 చూపించిన ప్రతిదీ కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగే. తొమ్మిదో రింగు తీసి సంచీలో వేస్తుంటే, "ఉండవే, ఇది వేరేగా కూసింది" అంది అమ్మ. తెర మీద 26. నేను పార దించబోతే పక్కకి నెట్టేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఇసకని గుప్పిట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జారవిడవడం మొదలెట్టింది. చిన్నప్పుడు ఉప్పాడలో చేసిన పనే. నాలుగో గుప్పిట్లో నల్లబడిన చిన్న బిళ్ళ ఆగింది. కొంగుతో తుడిస్తే 1964 డైమ్. ఆ ఏటిదాకా అచ్చువేసిన డైమ్‌లలో, క్వార్టర్లలో (పావు డాలరు నాణేల్లో) 90 శాతం వెండి ఉంటుంది.

"ఎంతొస్తుందే?" అంది.

"రెండు డాలర్లు కూడా రాదమ్మా."

"రాకపోతే పోనీ. ఇది నాకిచ్చెయ్." దాన్ని మూడు నెలలు పర్సులో పెట్టుకుని తిరిగి, పిఠాపురం పట్టుకుపోయింది. 2025 అక్టోబర్లో వెండి 50 డాలర్లు దాటినప్పుడు దాని విలువ మూడున్నర పైన. ఫోన్లో చెబితే, "అమ్మనుగా" అంది.

ఈ మెషిన్‌తో మూడేళ్ళలో నాకు దొరికింది 19 వెండి డైమ్‌లు, 4 వెండి క్వార్టర్లు, మూడు గ్రాముల 10 క్యారెట్ల ఉంగరం ఒకటి, లెక్కలేనంత చిల్లర. వెండి అంతా కలిపితే 2.1 ఔన్సులు, ఔన్సు 50 చొప్పున 105 డాలర్లు. ఉంగరంలో అసలు బంగారం ఒకటింపావు గ్రాము, 4,000 లెక్కన 160. అంటే మెషిన్ మీద పోయే 125ని ఉంగరం ఒక్కటే తెచ్చిపెట్టింది. పెట్రోలు ఖర్చు కలిపితే మాత్రం గిట్టుబాటు కాదు. డబ్బు కోసమే అయితే ఇది కొనకండి. బంగారం ధర పెరిగిందని ఆరువేల డాలర్ల మెషిన్ అప్పు చేసి కొంటామంటున్నవాళ్ళని తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. గని నేలలు తెలిసి, ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళ పనిముట్టు అది.

కొత్తగా విడుదలైన ఖరీదైన మెషిన్ మొదటి నెలల్లోనే కొంటే ఏమవుతుందో మా ఆయన స్నేహితుణ్ణి చూశాను. 1,600 పెట్టి కొన్నాడు, ఎనిమిది నెలల్లో పదిసార్లు కూడా బయటికి తీయలేదు, చివరికి వెయ్యికి ఇచ్చేశాడు. ఒక్కో షికారుకి అరవై డాలర్లు పైనే పడింది.

నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. 2020లో ఎక్కడా సరుకు దొరకని రోజుల్లో, పేరున్న కంపెనీ పిన్‌పాయింటర్ అని ఆన్‌లైన్‌లో ఒకతను చవగ్గా పెడితే 90 డాలర్లకి కొన్నాను. పిన్‌పాయింటర్ అంటే గుంటలో ఖచ్చితంగా ఎక్కడుందో చూపే చిన్న కడ్డీ. మూడోవారం తడి మట్టిలో పెట్టగానే ఆగిపోయింది. సీరియల్ నంబర్ కంపెనీకి పంపితే అది తమది కాదన్నారు. అచ్చం అలాగే ఉన్న నకిలీ. అమ్మినతను ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పట్నుంచీ ఏది కొన్నా ముందు సీరియల్ నంబర్ ఫొటో అడుగుతాను, కంపెనీతో సరిచూసుకున్నాకే డబ్బు. ఫొటో పంపడానికి నీళ్ళు నమిలేవాడి దగ్గర కొనను. వారంటీ సంగతి కూడా అప్పుడే అడగండి. కొన్ని కంపెనీలు మొదట కొన్నవాళ్ళకే ఇస్తాయి.

మూతపడిన కంపెనీల మెషిన్లు చవగ్గా కనిపిస్తే ఇంకోసారి ఆలోచించండి. టెసోరో 2018లో, వైట్స్ 2020లో మూసేశారు. రెండూ గొప్ప పేరున్నవే, అభిమానులు ఇప్పటికీ మంచి ధర ఇచ్చి కొంటారు. కానీ రేపు కాయిల్ పోతే కొత్తది ఎక్కడ తెస్తారు? నేర్చుకునేవాళ్ళకి అవి వద్దు.

ఇంకొక్క మాట చెప్పాలి. నేను దీన్ని అమ్మేద్దామనుకుంటున్నానని తెలిసి మా పెద్దనాన్నగారి అబ్బాయి ఊరి నుంచి ఫోన్ చేశాడు. "చెల్లీ, అక్కడ ఎవరికో 350కి ఎందుకమ్మా, నాకు పంపు. ఇక్కడొకాయన లక్ష ఇస్తానంటున్నాడు." లక్ష అంటే 350 డాలర్లకి మూడింతలు. ఎందుకు అంత అని అడిగాను. కాస్త నసిగి, పాత శివాలయం వెనక ఏదో ఉందని ఎవరో చెప్పారన్నాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. గుప్తనిధులని చెప్పి మన ఊళ్ళలో ఎన్ని గుళ్ళు తవ్వేశారో, నంది విగ్రహాలు ఎన్ని పగలగొట్టారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పి తీరాలి. "అన్నయ్యా, నువ్వు అడిగితే నా నగ ఏదైనా ఇస్తాను గానీ ఇది మాత్రం ఇవ్వను" అన్నాను. రెండు నెలలు మాట్లాడలేదు. సంక్రాంతికి వాడే చేశాడు. ఇండియా నుంచి ఇలాంటి బేరం మీకూ వస్తుంది. ధర ఎంత ఊరించినా ఒప్పుకోకండి.

ఇవాళ్టి బజారులో ఈక్వినాక్స్ 800, అన్ని సామాన్లతో, బిల్లుతో, పగుళ్ళు లేకుండా 400 లోపు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోమంటాను. హెడ్‌ఫోన్, డబ్ల్యూఎం 08 లేకపోతే 300కి మించి ఇవ్వకండి. క్రిస్మస్‌కి కానుకగా వచ్చి మూలపడినవి ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఎండకి భయపడి వదిలించుకునేవి ఆగస్టులో ఇక్కడ ఎక్కువగా అమ్మకానికొస్తాయి. నేను చూసినంతలో బేరం కుదిరేది ఆగస్టులోనే. అంత పెట్టడం ఇష్టం లేకపోతే కొత్త సింప్లెక్స్ చాలు. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర రాడ్ కోసం తగ్గించాను.

350 ఇస్తానన్నాయనకి మొన్న ఫోన్ చేశాను. ఏప్రిల్లో అమ్మ వస్తోంది, సెప్టెంబర్ దాకా ఉంటుంది, అక్టోబర్లో రమ్మన్నాను. అప్పటికి ఇంకో మోడల్ వచ్చిందంటే 300 మించి ఇవ్వలేనన్నాడు. సరేనన్నాను.